హద్దు ముందా, గ్యాస్ ముందా?

కావలి పాఠకుడు:
సముద్రపు హద్దు తేలని చోట ఇరుగుపొరుగు దేశాలు ఆ తగవును పక్కన పెట్టి, గ్యాస్‌ను ఉమ్మడిగా తీసి సగం సగం పంచుకోవడమే మేలని నా అభిప్రాయం. మలేషియా, థాయ్‌లాండ్ 1979లో అలాగే ఒప్పుకొని, సుమారు 7,250 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని యాభై ఏళ్లపాటు ఉమ్మడి చేసుకున్నాయి. మన పులికాట్ సరస్సులో వల వేసే చోటును వంతులవారీగా పంచుకునే ‘పాడు’ పద్ధతి కూడా ఇలాంటిదే కదా?

సూళ్లూరుపేట:
పాడు పోలిక నాకు కుదరలేదండీ. ఈరోజు ఒకరి వంతు తప్పినా రేపటికి రొయ్య మళ్లీ వస్తుంది, గ్యాస్ రాదు. పైగా రాతిపొరల్లో నిల్వ ఒక్కటే అయినప్పుడు, ఇవతలివాడు బావి వేసి లాగితే అవతలివాడి వాటా కూడా తరిగిపోతుంది.

ఉమ్మడి అయితే పని త్వరగా అవుతుందన్న నమ్మకానికి తేదీలే అడ్డం వస్తున్నాయి. మీరు చెప్పిన 1979 ఒప్పందం ప్రకారం ఉమ్మడి సంస్థ ఏర్పాటుకు సంతకాలు 1990లో పడ్డాయి, గ్యాస్ 2005లో గాని బయటికి రాలేదు. మరోపక్క బంగ్లాదేశ్ సముద్రపు హద్దు తేల్చమని 2009 అక్టోబరులో మయన్మార్ మీద, మన దేశం మీద ఒకేసారి దావాకు దిగి, 2012 మార్చిలో మయన్మార్‌తో హద్దుపై ఒక తీర్పు, 2014 జూలైలో మనతో హద్దుపై రెండోది పొందింది. ఆ దేశపు తీరం లోపలికి వంగి ఉన్నందువల్ల రెండు తీరాలకూ సమదూరంగా గీత గీస్తే దాని సముద్రం ఇరుపక్కల నుంచీ నొక్కుకుపోతుందని గుర్తించి, న్యాయనిర్ణేతలు గీతను సవరించారు. మనతో తగవులో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు పోయాయి. మనకు దక్కిన వాటిలో, రెండు దేశాలూ తమదేనన్న న్యూమూర్ దీవి చోటు ఒకటి, దీవి మాత్రం అప్పటికే నీట మునిగింది! అయినా మన ప్రభుత్వం తీర్పును ఒప్పుకుంది.

కావలి పాఠకుడు:
తేదీల మాట ఒప్పుకుంటాను. అయితే హద్దు తేలి పదేళ్లయ్యాక, 2024లో బంగ్లాదేశ్ సముద్ర బ్లాకులకు (చమురు, గ్యాస్ వెతకడానికి విడగొట్టిన సముద్ర భాగాలకు) టెండర్లు పిలిస్తే ఒక్క బిడ్ కూడా రాలేదు. తీర్పు గెలిచి సాధించిందేమిటి?

సూళ్లూరుపేట:
బిడ్లు రాకపోవడానికి ధరలు, షరతులు, లోతు నీళ్లలో డ్రిల్లింగ్ ఖర్చు వంటివి చూడాలి గాని, హద్దును తప్పు పట్టలేము. హద్దు తేలకపోయి ఉంటే ఆ టెండరు పిలవడానికే పక్కదేశం అభ్యంతరం చెప్పేది.

మీ వాదనకు చోటున్నది మరొకచోట. మనతో హద్దు తేల్చిన ఆ 2014 తీర్పుతోనే, సముద్రగర్భం బంగ్లాదేశ్‌ది, పైనున్న నీటిలో చేపల హక్కు మనది అయిన ఒక ముక్క మిగిలింది. అక్కడ వాళ్లు డ్రిల్లింగ్ చేస్తే మన బోట్లు ఎంత దూరంలో ఆగాలో తీర్పు చెప్పలేదు, ఆ ఏర్పాటును రెండు దేశాలకే వదిలింది. ఉమ్మడి ఒప్పందం కావలసింది అక్కడ.