డీజిల్ వ్యాన్ పికప్ మెల్లమెల్లగా పడిపోతోంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: 2.8 లక్షల కిలోమీటర్లు తిరిగిన కామన్ రైల్ (హై ప్రెషర్ డీజిల్ ఒకే పైపులో నిలిచి అన్ని సిలిండర్లకూ పోయే రకం) టర్బో వ్యాన్. ఆర్నెల్లుగా పికప్ తగ్గుతోంది. దేవరకొండ రోడ్డు మీద నడుస్తది గానీ, మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్‌లో సెకండ్ గేర్‌కి దిగాల్సిందే. ఇంజిన్ చెక్ లైట్ వెలగట్లేదు. మెకానిక్ డీజిల్ పంపు దించుదామంటున్నడు.

జవాబు: పంపు జోలికి ఇప్పుడే పోకున్రి అన్నా. ముందు పొగ చూడున్రి. లోడు మీద నల్లపొగ వస్తే గాలి చాలట్లేదు. పొగ లేకుండానే దమ్ము తగ్గితే డీజిల్ అందట్లేదు. నల్లపొగైతే ఎయిర్ ఫిల్టర్, తర్వాత టర్బో (ఇంజిన్‌లోకి గాలి నెట్టేది) నుంచి ఇంటర్‌కూలర్‌కి (ఆ గాలిని చల్లబరిచేది) పోయే రబ్బరు హోస్. క్లిప్పు కింద సన్న చీలిక ఐడిల్‌లో (బండి నిలబడి ఇంజిన్ ఊరికే నడిచేటప్పుడు) తెల్వదు. నూనె మరక మీద దుమ్ము పేరుకుంటే లీకు అక్కడే.

జవాబు: పొగ లేకుంటే డీజిల్ ఫిల్టర్ అడుగు స్క్రూ వదులు చేసి గాజు సీసాలో పట్టున్రి, నీళ్లుంటే అడుక్కి దిగుతయి. ఫిల్టర్ కొత్తదే అయితే ఇంజెక్టర్ల (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి) రిటర్న్ పైపులు, అంటే మిగిలిన డీజిల్ వెనక్కి పోయేవి, తీసి నాలుగు సీసాలు పెట్టి, ఐడిల్‌లో 2 నిమిషాలు నడపాలి. ఒక సీసాలో మిగతావాటికి రెండింతలు వచ్చిందా, ఆ ఇంజెక్టర్ లోపల అరిగినట్టే, రైల్ ప్రెషర్ నిలవదు. ఇంజిన్ నడుస్తుంటే మాత్రం హై ప్రెషర్ పైపు విప్పొద్దు, డీజిల్ చర్మంలోకి దూరుతది.

జవాబు: ఈజీఆర్ వాల్వ్ (సైలెన్సర్‌కు పోయే పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది) కూడా విప్పి చూడున్రి. ఈ వయసు బండ్లకు ఇన్‌టేక్‌లో (ఇంజిన్‌లోకి గాలి పోయే దారిలో) మసి, నూనె కలిసి తారులా గడ్డకడతయి. టర్బో యాక్చుయేటర్ (టర్బో గాలి ఒత్తిడిని సర్దేది) వ్యాక్యూమ్ పైపు పగిలినా ఇదే తీరు. అది చవకది, ముందు దాన్నే మార్చున్రి.

ప్రశ్న అడిగినవారు: నల్లపొగే వస్తోంది. ఇంటర్‌కూలర్ కింది క్లిప్పు దగ్గర చేతికి జిడ్డు అంటింది. పంపు పని ఆపించిన.