తేలింది, మునిగి, ముంచి

కోనసీమ నుంచి ఒక సభ్యుడు:
అందరికీ నమస్కారం. మా వైపు వార్తల్లో తరచు ఇలా కనిపిస్తుంది: పంట కాలువలో శవం తేలింది, మునిగి చనిపోయినట్టు విచారణలో తేలింది. మొదటి ‘తేలింది’ గుర్రపుడెక్క మధ్య, రెండోది కాగితం మీద. శవానికీ నిజానికీ ఒకే క్రియ ఏమిటి? విలేకరి బద్ధకమా, భాష గుణమా?

విశ్రాంత కోర్టు గుమాస్తా, అమలాపురం:
బద్ధకం కాదండీ. లెక్క తేలడం, నిగ్గు తేలడం, తేలని తగాదా... అడుగున ఉన్నది పైకొచ్చి కంటబడటమే అన్నిటికీ మూలం అనుకుంటాను. తంటా అంతా పక్కనున్న ‘మునిగి’తో. శవ పంచాయతీ, అంటే శవం దొరికిన చోట పోలీసులు పెద్దమనుషుల ఎదుట జరిపే విచారణ, దాని కాగితాలు చాలా చూశాను. గట్టు మీద పంచాయతీదారులు ‘కాలువలో మునిగి చనిపోయినాడు’ అని రాసేసేవారు. వారు చూసింది తేలిన శవాన్ని, మునగడాన్ని కాదు. పైకి కనిపించే కారణం చెబితే చాలు అక్కడ. ఎవరు, ఎలా కొట్టారన్నది ఆ విచారణ పని కాదని 1975లో మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది.

‘మునిగి’ అనవలసింది డాక్టరు. ముక్కు దగ్గర సన్నని నురుగు, ఉబ్బిన ఊపిరితిత్తులు, పిడికిట్లో బిగిసిపోయిన నాచు ఉంటే ప్రాణంతోనే నీళ్లలో పడ్డాడనడానికి ఆధారం. ఎముక మూలుగలో డయాటమ్‌లనే సూక్ష్మమైన నాచు కోసం కూడా వెతుకుతారు. గుండె కొట్టుకుంటుంటేనే అవి ఊపిరితిత్తుల నుంచి రక్తంతో అంత దూరం వెళతాయి. దొరికినవాటిని ఆ కాలువ నీటితో పోల్చి చూస్తారు. అదొక్కటే చాలదు, అది వేరే సంగతి. నాలుగు రోజులు లాకుల (కాలువ తలుపుల) దగ్గర నానిన శవంలో నురుగు ఎక్కడుంటుంది? అప్పుడు ‘కారణం చెప్పలేను’ అని రాసిన డాక్టరంటే నాకు గౌరవం.

తెలుగు మాస్టారు, భీమవరం:
‘మునుగు’ అకర్మకం, ‘ముంచు’ సకర్మకం. హత్య కేసంతా ఈ రెంటి మధ్యే ఉంది. (చీటీల వాడు ముంచినా మనం ఈ క్రియే వాడతాం, దానికి పోస్టుమార్టం ఉండదు!) కాలు జారాడా, దూకాడా, మెడ పట్టి ముంచారా అన్నది ఊపిరితిత్తులు చెప్పవు. మెడ మీద గోటి గాట్లు, భుజాల మీద కమిలిన మచ్చలు కొంత చెబుతాయి, మిగిలినది సాక్షులు చెప్పాలి. కర్త దొరికేది అక్కడే. గొంతు పిసికి చంపి ఆ తరువాత కాలువలో వేస్తే మునగడమూ లేదు, ముంచడమూ లేదు. అందుకే నీళ్లలో దొరికిన శవానికైనా నాలుక కింది ఎముక విరిగిందేమో చూస్తారు.

కోనసీమ సభ్యుడు:
మరి అభియోగపత్రంలో మొదటి పేజీ నుంచే ‘హతుడు’ అంటారే? చంపబడ్డాడని తేల్చవలసింది కోర్టు కదా. అప్పటిదాకా ‘మృతుడు’ సరిపోదా?

విశ్రాంత కోర్టు గుమాస్తా:
సరిపోతుంది. హతుడని రాయడం నాకూ నచ్చదు. ఒక కేసులో లాకుల దగ్గరి లస్కరు (కాలువ కాపలాదారు) సాక్షి. ‘మునిగిపోతుండగా చూశావా?’ అని వకీలు రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ ఒకే జవాబు: ‘లేదండీ, నేను చూసేసరికి తేలుతున్నాడు.’