కర్నూలులో స్విమ్మింగ్ పూల్ లైఫ్‌గార్డ్ పని: ఈత వస్తే చాలా?

ప్రశ్న:
అన్నలకు నమస్కారం. మాది కేసీ కాలువ పక్కనే ఊరు. కాలువలో, సుంకేసుల దగ్గర తుంగభద్రలో ఈది పెరిగినోణ్ణి. డిగ్రీ అయిపోయింది. కర్నూలులో ఒక పూల్ వాళ్లు ఏప్రిల్, మే రెండు నెలలు లైఫ్‌గార్డ్‌గా రమ్మంటున్నారు. ఈత వస్తే చాలంటున్నారు. నిజమేనా?

జవాబు 1:
ఇంకేం కావాల తమ్ముడూ, చేరిపో. ఎండ కూడా తెలీదు.

జవాబు 2:
ఆ మాట నమ్మి పోవద్దు తమ్ముడూ. ఇదే ఊర్లో నాలుగు ఎండాకాలాలు చేసినా. ఇది ఈదే పని కాదు, గట్టు మీద కూర్చుని కన్ను తిప్పకుండా చూసే పని.

మొదటి ఏడాది, మే నెల, ఆదివారం సాయంత్రం. జనం కిటకిట. టికెట్లు కూడా నువ్వే చూడమని మేనేజరు గేటుకాడికి పంపినాడు. తిరిగొచ్చేసరికి నాలుగడుగుల లోతులో ఏడెనిమిదేళ్ల పిల్లోడు నిలువుగా ఉన్నాడు. తల వెనక్కి వాలింది. నోరు నీళ్ల మట్టానికి తేలుతూ మునుగుతూ ఉంది. జుట్టు కళ్ల మీద పడినా తుడుచుకోవడంలేదు. చేతులు మాత్రం నిచ్చెన ఎక్కుతున్నట్టు నీళ్లను కిందికి నొక్కుతున్నాయి. అరుపు లేదు, చప్పుడు లేదు. రెండు బారల దూరంలో ఉన్న వాళ్ల నాయన, ఆడుకుంటున్నాడనుకున్నాడు. ఊపిరి తీసుకోడానికే నోరు పైకి రానప్పుడు ఇంక అరిచేది యాడ? అట్లా ఉండేది 20 నుంచి 60 సెకన్లే. దూకి తీసినా. దగ్గి, గట్టిగా ఏడ్చినాడు. ఆ ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉండాది.

కుర్చీలో ఉన్నంతసేపు ఇంకో పని చెప్పకూడదని చేరకముందే మాట తీసుకో. వీలైతే గోవాలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వాటర్ స్పోర్ట్స్‌లో లైఫ్ సేవింగ్ శిక్షణ ఉంది, కనుక్కో.

జవాబు 3:
నేను స్టాఫ్ నర్సుని. బయటికి తీసినోళ్లను తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మన దగ్గర ఇంకా చేస్తున్నారు. దయచేసి చేయొద్దు. కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, విలువైన నిమిషాలు పోతాయి. ఊపిరి లేకపోతే ముందు నోటితో ఐదుసార్లు గాలి ఊదాలి. తర్వాత రొమ్ము మధ్యలో 30 నొక్కులు, రెండు ఊపిరులు, అట్లా ఆపకుండా. నిమిషానికి 100 నుంచి 120 నొక్కుల వేగం. పక్కవాళ్లతో 108కి ఫోన్ చేయించు. మా కాడ నేర్చుకోవాలంటే ఒక పూట చాలు బాబూ.

అడిగినతను:
కాలువలో ఎవరన్నా మునిగితే అన్నా? మేమంతా దూకేస్తాం.

జవాబు 2:
అదే వద్దు. మునిగేవాడు మెడ పట్టుకుని నీ మీదికెక్కుతాడు, ఇద్దరూ పోతారు. గట్టు మీద పడుకుని కర్ర అందించు. అందకపోతే మూత బిగించిన ఖాళీ క్యాన్‌కు తాడు కట్టి విసురు. దూకేది ఆఖర్న. పూల్‌లో కూడా అంతే, రింగు, పొడుగు కర్ర ఉండాయా చూసుకో.

అడిగినతను:
ఈరోజు పోయి చూసొచ్చినా అన్నా. రింగు ఉంది, కర్ర లేదు. అది తెప్పించి, టికెట్ల పని వేరేవాళ్లకు పెడితేనే వస్తానని చెప్పినా. సోమవారం చెప్తామన్నారు.