పోస్టుమార్టంలో గుండెపోటు నిజంగా కనిపిస్తుందా?

పెద్దకొడుకు: మా నాన్నగారు నిద్రలోనే పోయారు. రిపోర్టులో మరణ కారణం గుండెపోటు అని రాశారు. అదే కాగితంలో గుండె కండరం మామూలుగా ఉందనీ రాశారు. కంటికి కనిపించనిదాన్ని కారణమని ఎలా తేలుస్తారు?

ఫోరెన్సిక్ వైద్యుడు: కండరం మామూలుగా కనిపించడంలో వింత లేదండీ. రక్తం అందక కండరం దెబ్బతిన్నా, ఆ తర్వాత మనిషి కొన్ని గంటలు బతికి ఉంటేనే మార్పు పైకి తేలుతుంది. కంటికి స్పష్టంగా కనిపించాలంటే సుమారు 12 గంటలు, సూక్ష్మదర్శినికి కనీసం 4 గంటలు కావాలి. పది నిమిషాల్లో ప్రాణం పోతే ఆ వ్యవధి ఎక్కడిది? అందుకే మేము కరోనరీ ధమనుల మీద, అంటే గుండె కండరానికి రక్తం అందించే నాళాల మీద, దృష్టి పెడతాం. 3 మిల్లీమీటర్లకు ఒక కోత చొప్పున అడ్డంగా కోసుకుంటూ పోతాం. నిలువునా చీలిస్తే లోపలి రక్తపు గడ్డ చెదిరిపోవచ్చు. గోడకు అంటుకున్న గడ్డ దొరికిందంటే సగం పని అయినట్టే.

రాధిక: చనిపోయాక కూడా రక్తం గడ్డకడుతుంది కదా?

ఫోరెన్సిక్ వైద్యుడు: కడుతుంది. అది మెత్తగా, జెల్లీలా నిగనిగలాడుతుంది, లాగితే జారి వచ్చేస్తుంది. బతికుండగా ఏర్పడిన గడ్డ గోడను పట్టుకుని ఉంటుంది, నొక్కితే పొడిపొడిగా రాలుతుంది.

పెద్దకొడుకు: నేను గడ్డ గురించి అడగలేదు. 12 గంటలంటున్నారు. రాత్రి పదింటికి మాట్లాడిన మనిషి తెల్లవారుజామున నాలుగింటికి లేరు.

కొత్త సభ్యుడు: గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రోటీన్ ఉంది కదా, ఆ ట్రోపోనిన్ చూస్తే సరిపోదా?

ఫోరెన్సిక్ వైద్యుడు: బతికున్నవారికి మంచి పరీక్షే. శవంలో కణాలు వాటంతటవే కరుగుతూ ట్రోపోనిన్‌ను వదులుతాయి కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మలేం. గుండె ముక్కను కండరానికి రంగు పట్టించే టీటీసీ ద్రావణంలో ఉంచితే బాగున్న కండరం ఇటుక రంగుకు తిరుగుతుంది, దెబ్బతిన్న చోటు పాలిపోయి ఉంటుంది. దానికీ రెండు మూడు గంటలు గడిచి ఉండాలి.

పెద్దకొడుకు: మళ్లీ గంటలే! అంటే ఊహించి రాశారు.

ఫోరెన్సిక్ వైద్యుడు: మాట జాగ్రత్త! 75 శాతానికి మించి పూడుకుపోయిన ధమని ఉండి, దెబ్బలు లేక, విషం లేక, ఊపిరితిత్తుల్లో గడ్డ లేకపోతే అప్పుడు రాస్తాం. దాన్ని ఊహ అనరు. ఈ వృత్తిలో తల నెరిసినవాణ్ణి.

పెద్దకొడుకు: మా రిపోర్టులో ధమనుల గురించి ఒక్క వాక్యం లేదు. రసాయన పరీక్ష ఫలితం రాకముందే గుండెపోటు అని రాసేశారు. కారణం తేలలేదని రాసి ఉంటే మేము ఇంకా వెతికేవాళ్లం. నాలుగేళ్ల తర్వాత మా తమ్ముడు మెట్ల మీద స్పృహ తప్పి పడిపోతే, ఈసీజీలో క్యూటీ వ్యవధి, అంటే గుండె ఒకసారి కొట్టుకుని విద్యుత్తుపరంగా మళ్లీ సిద్ధమయ్యే సమయం, ఎక్కువగా ఉందన్నారు. వంశపారంపర్యమట. కత్తికీ సూక్ష్మదర్శినికీ చిక్కేది కాదట. నాన్నగారి రక్తం కొంచెం దాచి ఉంటే జన్యు పరీక్షకు పనికొచ్చేది.

ఫోరెన్సిక్ వైద్యుడు: ధమనులు చూడకుండా అలా రాయడం తప్పే, ఒప్పుకుంటాను. కానీ తేలలేదని రాసిన ఇళ్లను కూడా చూశాను. ఒకరినొకరు అనుమానించుకుంటూ ఏళ్లు గడిపినవారున్నారు. ఏదో ఒక కారణం చెప్పండని మా గది బయట ఏడ్చినవారున్నారు.

పెద్దకొడుకు: ఆ అనుమానం మేము పడేవాళ్లం. దాన్ని మా తరఫున మీరు తీర్చేయకూడదు.

రాధిక: తమ్ముడు ఎలా ఉన్నారు?

పెద్దకొడుకు: గుండె వేగాన్ని అదుపులో ఉంచే బీటా బ్లాకర్ మందులు వాడుతున్నాడు. నాకూ ఈసీజీ తీశారు, మామూలుగానే ఉంది. సోమవారం వాడి పాపకు ఈసీజీ తీయిస్తున్నాం.