యూకేలో ఐక్లౌడ్ ఏడీపీ ఆన్ అవ్వట్లేదు, బ్యాకప్ సంగతేంటి?

కొత్త_సిమ్: ఫోన్, ఆపిల్ అకౌంట్ రెండూ యూకేవే. అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్ (ఏడీపీ, ఐక్లౌడ్‌లోని చాలా డేటాని ఆపిల్ కూడా చదవలేకుండా చేసే సెట్టింగ్) నొక్కితే కొత్తవాళ్లకి ఇక్కడ లేదంటోంది. ఫోటోలు, చాట్లు, పాస్‌వర్డ్‌లు అన్నీ బయటపడ్డట్టేనా? ఐక్లౌడ్ మానేయాలా?

తాళంచెవి: అన్నీ కాదండీ. ఇన్వెస్టిగేటరీ పవర్స్ యాక్ట్ 2016 కింద ప్రభుత్వం ఐక్లౌడ్‌లోకి దారి ఇమ్మందని 2025 ఫిబ్రవరిలో వార్తలొచ్చాయి. అదే నెల 21న ఆపిల్ అక్కడ కొత్తవాళ్లకి ఏడీపీ ఆపేసింది. అలాంటి నోటీసు వచ్చిందని కంపెనీ బయటికి చెప్పడానికి ఆ చట్టం ఒప్పుకోదు.

పాస్‌వర్డ్‌లు, హెల్త్ డేటా ఏడీపీ లేకపోయినా ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్‌లోనే ఉంటాయి, అంటే ఆపిల్ కూడా తెరవలేని తాళంలో. ఫోటోలు, నోట్స్, డ్రైవ్, ఫోన్ బ్యాకప్‌ల తాళం తీసే కీలు మాత్రం ఆపిల్ చేతిలో ఉంటాయి. (మెయిల్, కాంటాక్ట్స్, క్యాలెండర్‌కి ఏడీపీ ఉన్నా ఆ రక్షణ లేదు, చాలామందికి తెలీదు.) అసలు చిక్కు బ్యాకప్‌దే. ఐక్లౌడ్‌లో దాచుకున్న ఐమెసేజ్‌ల కీ కూడా అందులోకే పోతుంది. ఇంటికి తాళమేసి చెవి పక్కింట్లో ఇచ్చినట్టు.

ముందు కేబుల్ పెట్టి కంప్యూటర్‌లో బ్యాకప్ తీయండి. మ్యాక్‌లో ఫైండర్, విండోస్‌లో ఐట్యూన్స్. ‘ఎన్‌క్రిప్ట్ లోకల్ బ్యాకప్’ టిక్ పెట్టకపోతే పాస్‌వర్డ్‌లు, హెల్త్ డేటా అందులోకి రావు. తర్వాత సెట్టింగ్స్‌లో మీ పేరు, ఐక్లౌడ్, ఐక్లౌడ్ బ్యాకప్ ఆఫ్. ఆఫ్ చేసినంత మాత్రాన పాతది పోదు, 180 రోజులు అక్కడే ఉంటుంది. స్టోరేజ్‌లోకెళ్లి చేత్తో డిలీట్ చేయాలి.

పాతకేబుల్: ఆ లోకల్ పాస్‌వర్డ్ మర్చిపోతే ఆ బ్యాకప్ మీద ఆశ వదులుకోవాల్సిందే, ఆపిల్ కూడా తెరవలేదు. ‘రీసెట్ ఆల్ సెట్టింగ్స్’ కొడితే కొత్త బ్యాకప్‌కి కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు, అంతే.

వాట్సాప్‌కి వేరే పని ఉంది. చాట్ బ్యాకప్‌లో ఎండ్-టు-ఎండ్ ఆన్ చేసి పాస్‌వర్డో 64 అంకెల కీనో పెట్టుకోవాలి. కానీ ఫోన్ మొత్తానికి ఐక్లౌడ్ బ్యాకప్ నడుస్తుంటే చాట్ల ఇంకో కాపీ ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేకుండా అందులోకి చేరుతుంది. కాబట్టి పైన చెప్పింది చేయకుండా ఇదొక్కటే చేస్తే దండగ. అవతలివాళ్ల ఫోన్ బ్యాకప్ మన చేతిలో లేదనుకోండి.

కొత్త_సిమ్: థాంక్సండీ. ఆఫీసు పని మీద షాంఘై వెళ్తే ఈ డేటా అక్కడికి మారిపోతుందా?

తాళంచెవి: మారదు. అకౌంట్‌లో దేశం చైనా అని ఉంటేనే. 2018 ఫిబ్రవరి 28 నుంచి ఆ అకౌంట్ల ఐక్లౌడ్‌ని అక్కడి గుయిజౌ ప్రావిన్స్ ప్రభుత్వ కంపెనీ జీసీబీడీ నడుపుతోంది, కీలూ చైనాలోనే. అక్కడి యాప్‌ల కోసం రీజియన్ మార్చారో, మీ డేటా ఆ చేతికి వెళ్తుంది. వాట్సాప్‌ని 2024 ఏప్రిల్‌లో చైనా యాప్ స్టోర్ నుంచి తీసేయించారు. మీ ఫోన్‌లో ఉన్నది పోదు, కానీ అక్కడి నెట్‌లో కదలదు. నెట్ ఆంక్షలు దాటే వీపీఎన్ యాప్‌లని ఆ స్టోర్ నుంచి 2017లోనే ఏరేశారు, కావాల్సింది బయల్దేరకముందే వేసుకోండి.