నిధుల కోతతో హెచ్ఐవీ మందులు ఆగేలా ఉన్నాయి, దారి చెప్పగలరా?

అమెరికాలో ఉన్న మా తమ్ముడు హెచ్ఐవీకి రోజూ ఒక మాత్ర వేసుకుంటాడు. ఖర్చంతా రాష్ట్రం నడిపే ఎయిడ్స్ మందుల సహాయ కార్యక్రమమే భరిస్తోంది. ఇప్పుడు నిధులు చాలక ఆదాయ పరిమితి తగ్గిస్తున్నామని, అతను అర్హత కోల్పోవచ్చని ఉత్తరం వచ్చింది. ఈ కార్యక్రమానికి, హెచ్ఐవీ ఉన్నవారి సాయం కోసం తెచ్చిన 1990 నాటి ర్యాన్ వైట్ చట్టం కింద అమెరికా చట్టసభ (కాంగ్రెస్) ఏటా కేటాయించినంతే డబ్బు. తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికెయిడ్‌లా అర్హులందరికీ హక్కుగా అందదు. పరిమితి ఎంతన్నది ఏ రాష్ట్రం ఇష్టం దానిది. 2011లో దేశవ్యాప్తంగా 9,000 మందికి పైగా నిరీక్షణ జాబితాల్లో ఉండిపోయారు. జీతం కాస్త పెరిగితే మందు ఊడిపోవడం ఏం న్యాయమో!

సీసాలో మిగిలినవి ఈ నెలకే. రోజు విడిచి రోజు వేసుకుని సర్దుకుంటానన్నాడు. అలా చేస్తే వైరస్ మందుకు లొంగకుండా పోతుందని పోట్లాడి ఆపాను.

మందుల కంపెనీల ఉచిత సహాయ పథకాలకు దరఖాస్తు చేసినవారున్నారా? ఆమోదం వచ్చేలోగా మందు ఎలా సంపాదించారు? ఆదాయం లెక్కకు నిరుటి పన్ను పత్రం అడుగుతారా, ఇప్పటి జీతం చీటీయా? అర్హత తీసేశాక అప్పీలు చేసి నెగ్గినవారుంటే తప్పక రాయండి. రాష్ట్రం మారమని మాత్రం చెప్పకండి, ఉద్యోగం అక్కడే ఉంది.