ఉకులేలే నట్ అరిగి జీ తీగ జుయ్యిమంటోంది: ఇంట్లో బాగుచేసుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నాలుగు_తీగలు
అందరికీ నమస్కారం. నాది ఆరేళ్ల కిందట కొన్న కాన్సర్ట్ సైజు ఉకులేలే, చిన్న గిటార్ లాంటి నాలుగు తీగల వాద్యం. ఏడాదిన్నర కిందట లో-జీ కోసం, అంటే జీ తీగ మామూలుకంటే ఒక స్థాయి కింద పలకాలని, లోహం చుట్టిన తీగ వేశాను. ఇప్పుడు ఆ తీగను ఓపెన్‌గా, ఎక్కడా నొక్కకుండా మీటితే జుయ్యిమని మోత. ఏ ఫ్రెట్ (మెడ మీది మెట్టు) మీద వేలు పెట్టినా మాత్రం శుభ్రంగా పలుకుతోంది. నట్, అంటే మెడ చివర తీగలు కూర్చునే గాళ్ల పట్టీ, తెల్ల ప్లాస్టిక్‌ది. టార్చి వేసి చూస్తే జీ గాడి మిగతా మూడింటికంటే లోతుగా ఉంది, లోపల ఆకురాయితో రాసినట్టు అడ్డగీతలు. షాపులో చూపిస్తే కొత్తది కొనుక్కోమన్నారు. మా పాప దీని మీదే నేర్చుకుంటోంది, వదలబుద్ధి కావట్లేదు.

చెక్కపని_సాయంత్రాలు
లక్షణం నట్‌దే అనిపిస్తోంది. అయినా రూఢి చేసుకోండి. జీ తీగను మూడో ఫ్రెట్‌లో నొక్కిపట్టి, మొదటి ఫ్రెట్‌కీ తీగకీ మధ్య చూడండి. వెంట్రుక దూరేంత సందు ఉండాలి. అక్కడ గోటితో తడితే టిక్కుమని చిన్న చప్పుడు రావాలి. తీగ ఫ్రెట్‌ను అంటుకుపోయి ఏ చప్పుడూ రాకపోతే గాడి అరిగినట్టే.

ఈ రాత్రికి వాయించుకోవాలంటే గాడిలో సన్నటి కాగితం ముక్క పెట్టి దాని మీద తీగ కూర్చోబెట్టండి. మా అబ్బాయిది బస్సు టికెట్ ముక్కతో మూడు నెలలు నడిచింది. నాదం కాస్త మందగిస్తుంది, అంతే.

సాగరతీరం
నట్ ఊడదీసి అడుగున విజిటింగ్ కార్డు ముక్క వేస్తే సరిపోదా? నేను అలాగే చేశాను.

చెక్కపని_సాయంత్రాలు
నాలుగు గాళ్లూ సమానంగా అరిగితే అదే మంచి పద్ధతి సాగరతీరం గారూ. ఇక్కడ అరిగింది ఒక్కటే. కార్డు వేస్తే మిగతా మూడు తీగలు అనవసరంగా లేస్తాయి. అప్పుడు మొదటి ఫ్రెట్ నొక్కడమూ కష్టమే, శ్రుతీ పైకి జరుగుతుంది.

విశాఖ_ఉకే
నేను వంటసోడా, ఫెవిక్విక్‌తో రెండు నట్‌లు బాగుచేశాను. తీగను వదులు చేసి పక్కకు జరపండి. గాడిలో జిడ్డు సూదిమొనతో గీకెయ్యండి. నట్‌కి రెండు పక్కలా మాస్కింగ్ టేపు తప్పనిసరి, జిగురు చుక్క ఫ్రెట్‌బోర్డు మీద పడితే ఆ మచ్చ పోదు. గాడిలో పొడి సోడా నింపి, టూత్‌పిక్ కొనతో ఒక్క చుక్క జిగురు తాకించండి. ట్యూబుతో నేరుగా వెయ్యొద్దు. క్షణాల్లో రాయిలా బిగుస్తుంది. వేడి పుడుతుంది, కళ్లు మండే ఆవిరి వస్తుంది, కాబట్టి కిటికీ తెరిచి పెట్టుకోండి.

రెండు జాగ్రత్తలు. బేకింగ్ పౌడర్ వేరు, వంటసోడా వేరు. ఒలికిన జిగురును దూదితో, నూలుగుడ్డతో తుడవకండి. నూలుకు తగిలితే చెయ్యి కాలేంత వేడెక్కుతుంది.

వీణ_ఇల్లు
నింపడం సులువే, అసలు పనితనం మళ్లీ గాడి తియ్యడంలో ఉంది. గాడి బిరడాల (తీగలు బిగించే మరల) వైపు కిందికి వాలాలి. తీగ ఆనే ఎత్తైన చోటు ఫ్రెట్‌బోర్డు వైపు అంచునే ఉండాలి. వాలు తిరగబడినా, గాడి మరీ చదునుగా ఉన్నా తీగ అక్కడ రాసుకుని జుమ్మంటుంది. తంబురాలో గుర్రం (తీగలు ఆనే వంతెన) మీద దారం సర్ది ఆ జుమ్మనే నాదాన్ని కావాలనే తెప్పిస్తాం. ఉకులేలేకి అది పనికిరాదు.

ఆకురాయి కోసం వెతుక్కోవద్దు. వెల్డింగ్ సామాన్ల షాపులో నాజిల్ క్లీనర్ సెట్ దొరుకుతుంది, గరుకు తీగలు రకరకాల మందాల్లో ఉంటాయి. మీ తీగకంటే పిసరంత లావుది తీసుకోండి. రెండు మూడు రుద్దులకోసారి తీగను పూర్తి శ్రుతికి బిగించి మూడో ఫ్రెట్ పరీక్ష చెయ్యాలి. విసుగొస్తుంది, కానీ ఇక్కడ తొందరపడితే మళ్లీ మొదటికే.

ఇంకోమాట. సోడా పూత ఎముక నట్ అంత గట్టిది కాదు. లోహపు తీగ దాన్నీ కొన్నాళ్లకు తినేస్తుంది. ఓపిక ఉంటే ఎముక పొడితో నింపండి, లేదా లోహం చుట్టని లో-జీ తీగకు మారండి.

నాలుగు_తీగలు
ఆదివారం చేశాను. మొదటిసారి నాలుగు రుద్దులు ఎక్కువైపోయి టిక్కు మాయమైంది. చాలా బాధేసింది. మళ్లీ టేపు, సోడా, చుక్క జిగురు. రెండోసారి బిరడాల వైపు వాలు పెట్టి, పాప తీగ బిగిస్తుంటే నేను రుద్దాను. ప్రతిసారీ తనే గోటితో తట్టి "ఉంది నాన్నా, ఇంకా ఉంది" అని చెప్పేది. సందు వెంట్రుకంత అయ్యాక ఆపేశాను. ఓపెన్ జీ ఇప్పుడు గంటలా మోగుతోంది. మీ అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను.

ఒక సందేహం. ట్యూన్ చేస్తుంటే ఆ గాడిలో తీగ పట్టేసి, టక్కుమని ఒక్కసారిగా జారుతోంది.

వీణ_ఇల్లు
లోపల గరుకు మిగిలింది. సన్నటి నీటికాగితాన్ని (తడిపి రుద్దే గరుకు కాగితం) మడిచి నాలుగుసార్లు లాగండి. తర్వాత పెన్సిల్ ముల్లు గాడిలో బాగా రుద్దండి, ఆ నల్లపొడి మీద తీగ జారుతుంది.

నాలుగు_తీగలు
పోయిందండీ! టార్చి వేసి చూస్తే సీ గాడి కూడా కొంచెం దిగినట్టు కనిపిస్తోంది. టిక్కు మాత్రం ఇంకా వస్తోంది కాబట్టి దాని జోలికి పోవట్లేదు.